కుట్టిందా, ముట్టిందా

మా అత్తయ్య కొన్ని మాటలు అనదు. నూనె అయిపోయింది అనదు, నిండుకుంది అంటుంది. దీపం ఆరిపోయింది అనదు, కొండెక్కింది అంటుంది. గడప దాటేవాళ్ళు వెళ్తాను అంటే ఆవిడకు గిట్టదు, వెళ్ళొస్తాను అనాలి. నేను రోజూ పొద్దున్నే చెప్పులు వేసుకుంటూ పనిగట్టుకుని "వెళ్తున్నా" అంటాను. వంటింట్లోంచి "వెళ్ళొస్తాను అనవే, అగ్గిపుల్లా" అని కేక వస్తుంది. నేను వినిపించుకోకుండా గేటు వేసి పోతాను. అగ్గిపుల్ల అనేది ఆవిడ నాకు పెట్టిన పేరు. ముక్కు మీదే కోపం ఉన్న మనిషిని కాబట్టి ఆ పేరుకు నేనేమీ నొచ్చుకోలేదు.

అలా అనని మాటల్లో పాము ఒకటి. పొద్దుగూకాక ఆ పేరెత్తితే పిలిచినట్టేనట, వచ్చి కూర్చుంటుందట. అందుకని పురుగు అంటుంది. కరిచింది అని కూడా నోట రాదు, ముట్టింది అంటుంది. ఇవన్నీ నాకు నవ్వులాటగా ఉండేవి. ఆ రోజు సాయంత్రం దాకా.

ఆ సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి ముందుగదిలో బామ్ వాసన గుప్పుమంది. అత్తయ్య పడక్కుర్చీలో కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. మా ఆయన సోఫాలో ఫోను చూసుకుంటున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు, పెరట్లో ఇటుకలు సర్దుతుంటే అమ్మకి ఏదో పురుగు కుట్టింది. బామ్ రాశాను" అన్నాడు.

ప్రహరీ కట్టగా మిగిలిన ఇటుకలు పెరటి గోడ వారగా గుట్టగా పడి ఉన్నాయి. వంకాయ మొక్కల మడికి వాటితో గట్టు కడతానని అత్తయ్య నెల నుంచి అంటోంది. వద్దు, ఆదివారం నేను తీస్తాను, కర్రతో కదిపి, చేతికి తొడుగులు వేసుకుని తీయాలి అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఆవిడ ఎప్పుడు నా మాట చెవిన వేసుకుంది గనక. ఆ కోపంతోనే ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. చీవాట్లు పెడదామని నోరు తెరిచి ఆగిపోయాను.

నేను కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను. పొద్దస్తమానం మనుషుల కళ్ళలోకి చూడడమే నా ఉద్యోగం. ఆవిడ ఎడమ రెప్ప సగం దాకా వాలి ఉంది. నిద్రమత్తు అయితే రెండూ ఒకేలా వాలతాయి. ఆవిడ నన్ను చూడడానికి గడ్డం పైకెత్తింది, రెప్ప మాత్రం లేవలేదు.

"మీ అమ్మ ఏమంది?" అని మా ఆయన్ని అడిగాను.

"చెప్పాను కదా. పురుగు కుట్టిందంది."

"ఆ మాటే అందా? కుట్టింది అందా, ముట్టింది అందా?"

ఆయన ఫోను మీంచి తల ఎత్తాడు. "ఏదో ఒకటి అంది. రెండూ ఒకటే కదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈయన ఉద్యోగం కరెంటాఫీసులో ఫిర్యాదులు తీసుకోవడం. రోజంతా ఫోనులో ఊళ్ళో వాళ్ళందర్నీ సరిగ్గా చెప్పండి, మొత్తం పోయిందా, తక్కువగా వస్తోందా, ఏ లైటు, ఏ స్తంభం అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. కన్నతల్లి వచ్చి ఒక్క మాట చెబితే అందులో మొదటి అక్షరం వినలేదు. పుట్టినప్పటి నుంచి వింటున్న భాష. నేను మధ్యలో వచ్చినదాన్ని, నాకు తెలిసింది.

"అత్తయ్యా, పామేనా?" అన్నాను.

ఆవిడ కిటికీ వైపు చూసింది. బయట మసక పడుతోంది. "పురుగు" అంది. నాలుక మందంగా తిరిగింది.

"పురుగు కాదు. నాకు సరిగ్గా చెప్పండి. పామా, కాదా?"

"ఈ వేళప్పుడు ఆ పేరు తియ్యకు" అంది.

టార్చి తీసుకుని పెరట్లోకి పరిగెత్తాను. "కర్ర తీసుకురానా?" అని మా ఆయన వెనకాలే వచ్చాడు. "కొట్టడానికి కాదు, ముందు కారు మాట్లాడండి" అని అరిచాను. ఎదురింటి ట్యాక్సీ అతన్ని పిలవడానికి వెళ్ళాడు. అత్తయ్య లాగి పక్కన పెట్టిన ఇటుకలు నాలుగు, ఆవిడ చెప్పులు, బోర్లించిన తట్ట. దూరంగా నిలబడి గుట్ట మీదికి లైటు వేశాను. రెండు ఇటుకల సందులో నల్లగా, నున్నగా మెరిసింది. ఒంటి మీద సన్నని తెల్లటి గీతలు. తల కనిపించలేదు, మెడ కనిపించలేదు, నడుము భాగం మాత్రం సందులోంచి తీరిగ్గా లోపలికి జారుతోంది. దానికి తొందరేమీ లేదు. ఫోనుతో ఫోటో తీసి వచ్చేశాను.

కాలు కదపనివ్వకుండా ఇద్దరం ఆవిడను ఎత్తి కారులో కూర్చోబెట్టాం. కారు కదిలాక ఆ ఫోటో మా ఆయనకు చూపించాను. చూపించడం నాదే బుద్ధితక్కువ. ఆయన తన ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఇలా గీతలుండేవి రెండు రకాలుంటాయట" అన్నాడు. "ఒకటి కట్లపాము. రెండోది అచ్చు అలాగే ఉంటుంది, కానీ విషం ఉండదు, బల్లుల్ని తింటుంది. గీతలు మెడ దగ్గర్నుంచే మొదలైతే విషం లేనిది. కాస్త కిందనుంచి మొదలైతే కట్లపాము. నువ్వు తీసిన దాంట్లో మెడ లేదే."

"మెడ కనిపించేలా కూర్చోమని దాన్ని అడగలేకపోయాను."

"అది కాదు, విషం లేనిదైతే అనవసరంగా కంగారు..."

"మీ అమ్మ రెప్ప చూడండి."

"పెద్దావిడ, అలిసిపోయి ఉంటుంది."

నాకు ఆ ఫోను లాక్కుని కిటికీలోంచి విసిరేయాలనిపించింది. భయంతో ఆయన ఒకే పేజీని మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నాడని అప్పుడు గమనించాను. అయినా జాలి కలగలేదు. భయపడితే తల్లి చెయ్యి పట్టుకోవాలి గాని, తెర మీద పాముల బొమ్మలు పైకీ కిందికీ తోస్తూ కూర్చుంటారా ఎవరైనా. ఆయనకు కావలసింది విషం లేని పాము. దొరికేదాకా వెతుకుతాడు.

పాము మెడ చూసింది లోకంలో ఒక్క అత్తయ్యే. ఆవిడ తల నా భుజం మీద ఉంది. "ఎలా ఉంది అత్తయ్యా, గీతలు ఎక్కడ మొదలయ్యాయి?" అని చెవి దగ్గర అడిగాను.

"తాడు... తాడులా..." అంది.

"తాడు కాదు, పురుగు కాదు. మీకు దణ్ణం పెడతాను, పేరు చెప్పండి."

ఆవిడ పెదవులు కలిపింది. విడదీయలేకపోయింది. లాలాజలం చెంప మీదికి కారితే కొంగుతో తుడిచాను.

ఆసుపత్రిలో చీట్లు రాసే కిటికీ దగ్గర ఉన్నతను ఏమైందని అడిగాడు. మా ఆయన ముందుకు వంగి, "పురుగు కుట్టిందండి" అన్నాడు. ఇంత జరిగాక కూడా. అతను తల ఎత్తకుండా బల్ల చూపించి, కూర్చోండి, పిలుస్తారు అన్నాడు.

"పాము" అన్నాను. నా గొంతు హాలంతా వినిపించింది. "పాము కరిచింది. పురుగు కాదు, చీమ కాదు, దోమ కాదు. పాము. మనిషికి రెప్పలు లేవడం లేదు. ఇంకోసారి చెప్పాలా?"

బల్లల మీదున్నవాళ్ళంతా లేచి చూశారు. స్ట్రెచరు వచ్చింది. దాని వెనకే సన్నగా, పొట్టిగా ఉన్న డాక్టరమ్మ వచ్చింది. అత్తయ్య కళ్ళలోకి లైటు వేసింది, చేతులు ఎత్తమంది, నా వేలు గట్టిగా పట్టుకోమంది. అత్తయ్య పట్టు చంటిపిల్ల పట్టులా ఉంది. మా ఆయన ఫోటో చూపిస్తూ, విషం లేనిది కూడా ఇలాగే ఉంటుందటండీ అని మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ ఒక్క క్షణం చూసింది. "గీతలు జంటలుగా ఉన్నాయి, కట్లపాములాగే ఉంది. కాని నేను ఫోటోకి వైద్యం చెయ్యను, మనిషికి చేస్తాను. పాము ఏదో ఆవిడ రెప్పలే చెబుతున్నాయి. దీని కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. అందుకే ఇంట్లో వాళ్ళు ఏమీ కాలేదనుకుంటారు. ఎంతసేపైంది?"

"సరిగ్గా చూసుకోలేదండీ" అన్నాడు మా ఆయన. బామ్ రాసి కూర్చోబెట్టిన సంగతి నేనే చెప్పాను. ఒక్క ముక్క కూడా దాచలేదు. చెబుతుంటే ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నిలబడనీ అనుకున్నాను.

లోపలికి తీసుకెళ్ళేటప్పుడు స్ట్రెచరు పట్టుకుని నడిచాను. ఊపిరి కండరాలు కూడా పట్టు తప్పుతున్నాయని, మిషను పెట్టాలని డాక్టరమ్మ అంది. తలుపు దగ్గర నన్ను ఆపేశారు. ఆవిడ తల నా వైపే ఉంది, కళ్ళు మూసుకుని ఉంది. పక్కవీధికి వెళ్ళినా వెళ్ళొస్తాను అనే మనిషి. ఆ మాట అనకుండా గడప దాటింది. తలుపు మూసుకున్నాక అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాను. ఏడుస్తూనే తిట్టాను. ఎవర్ని తిట్టానో నాకే తెలియదు.

మిషను మీద ఉన్నన్నాళ్ళు రోజుకు ఒకసారి లోపలికి పంపేవారు. ఇంజక్షన్లు పడ్డాయి, ఇక కండరాలు తేరుకోవాలి, తేరుకుంటే బతుకుతుంది, ఇప్పుడే ఏమీ చెప్పలేం అన్నారు. ఆవిడ కొయ్యలా పడి ఉండేది. నోట్లో గొట్టం, రెప్పల మీద తడిగుడ్డ. బతికే ఉందని చెప్పడానికి మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. మా ఆయన మంచం చివర నిలబడి, బంధువుల ఫోన్లకు జవాబు చెప్పేవాడు. "పురుగు అంది పిన్నీ. పురుగంటే మనం ఏమనుకుంటాం? పామని ఒక్క మాట అనుంటే అప్పుడే తీసుకొచ్చేవాడిని కదా." పిన్నికి ఒకసారి, మేనమామకు ఒకసారి, ఆఫీసు వాళ్ళకు ఒకసారి. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు ఆయన బయటికి వెళ్ళాక నేను ఆవిడ మొహం మీదికి వంగాను.

"చాలా గొప్ప పని చేశారు" అన్నాను. "రెండక్షరాలు. పా, ము. నోరు తెరిచి రెండక్షరాలు అనుంటే ఈ గొట్టాలు ఉండేవి కావు. పేరెత్తితే వస్తుందన్నారు. పేరెత్తకుండానే వచ్చింది, కరిచింది, తన ఇటుకల్లోకి తను పోయింది. దానికి మీ మర్యాదలతో పని లేదు. మీ అబ్బాయి ఊరంతా ఫోన్లు చేసి తప్పంతా మీదే అని చెబుతున్నాడు. లేచి నాలుగు తిట్టండి. నేను తిట్టడం కాదు, మీరు తిట్టాలి. మీకు ఏమైనా అయితే ఆ ఇంట్లో నేను ఎవరితో పోట్లాడను? ఆయనతోనా? ఆయన ముఖానికి పోట్లాట కూడానా?"

నర్సు వచ్చి, అమ్మా, కాస్త నెమ్మదిగా, ఇక్కడ రోగులున్నారు అంది. నెమ్మదిగా మాట్లాడడం నాకు చేతకాదని చెప్పి బయటికి వచ్చేశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం కాలి వేళ్ళు కదిలాయన్నారు. ఆ తర్వాత రెప్పలు. ఇంకో రెండు రోజులకు గొట్టం తీశారు. మేం లోపలికి వెళ్ళేసరికి సాయంత్రం అయింది. కిటికీ అవతల వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. డాక్టరమ్మ మంచం పక్కనే ఉంది.

"మీకు ఏమైందో గుర్తుందా అమ్మా?" అని అడిగింది.

అత్తయ్య కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత మా ఆయన వైపు చూసింది. "పాము" అంది. గొంతు గరగరలాడింది, అయినా స్పష్టంగానే ఉంది. "కట్లపాము. మెడ దగ్గర నల్లగా ఉంది, గీతలు కిందనుంచి. బాగా చూశాను. పాము అని అనుండాల్సిందిరా, నేను అనలేదు. వాడి తప్పేం లేదు డాక్టరుగారూ."

మా ఆయన మంచం పట్టె మీద కూలబడి, ఆవిడ పాదం రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ముట్టింది అన్నావమ్మా" అన్నాడు. "నేనే వినలేదు."

నాకు మళ్ళీ మండింది. చావు దాకా పోయి వచ్చిన మనిషి, నోరు పెగలగానే చేసిన మొదటి పని కొడుకును వెనకేసుకు రావడం. అదే అందామని వంగాను. ఆవిడ వేలితో దగ్గరికి రమ్మంది.

"చెవులు పని చేస్తూనే ఉన్నాయే, అగ్గిపుల్లా" అంది. "కళ్ళు తెరవలేను, చెయ్యి కదపలేను. వినడం ఒక్కటే. నన్ను ఎవరు ఎన్ని తిట్టారో అంతా విన్నాను. నువ్వు తిడుతున్నంతసేపూ బతికే ఉన్నానని తెలిసేది. నువ్వు వెళ్ళిపోయాక భయమేసేది."

ఆవిడ దుప్పటి సర్దాను. బాగానే ఉన్నదాన్ని మళ్ళీ సర్దాను.

చూసే వేళ అయిపోయిందని నర్సు తలుపు దగ్గర నిలబడింది. మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. నేను బ్యాగు భుజానికి తగిలించుకున్నాను. అలవాటు కొద్దీ "వెళ్తున్నా" అనబోయాను. ఆవిడ నా నోటి వంకే చూస్తోంది. కేక వేసే ఓపిక ఇంకా రాలేదు, రెప్పలు మాత్రం రెండూ పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి.

"వెళ్ళొస్తాను" అన్నాను. కోపంగానే అన్నాను.