చెరిపెయ్యమన్న పోస్ట్‌మాన్

పొద్దున ఏడున్నరకి సిరిల్ బ్యాంబర్ ఇంట్లో నాలుగు గుడ్లు ఉడికేవి. ఒకటి ఆయనకి, మిగతా మూడూ ఆయన వేసిన వేషాలకి. విట్బీ ఊళ్లో, రేవువైపు దిగే ఏటవాలు వీధిలో ఆ ఇల్లు అసలే ఇరుకు. దానికి తోడు బిషప్పు గారు ప్రార్థన పూర్తయ్యేదాకా ఎవరినీ చెంచా ముట్టనివ్వరు. బట్లరేమో కూర్చోమన్నా కూర్చోడు. డాక్టర్ మోర్డంట్ ఆఖర్న దిగి వచ్చి, అందరికన్నా ముందు పేపరు లాక్కుంటాడు.

సిరిల్ ఏ వేషం కట్టినా అంతే. అది తెరమీద కనిపించిన వారంలోపు ఆ మనిషి చేతిలో పెట్టెతో వచ్చి తలుపు తట్టేవాడు. ఆ బొమ్మ ఎక్కడో ఒకచోట భద్రంగా ఉన్నన్నాళ్లు ఉండేవాడు. రీలు తగలబడిపోతేనో, టేపు చెరిపేస్తేనో తనూ లేకుండా పోయేవాడు. యాభై ఏళ్లలో అరవైమంది దాకా వచ్చారు. ఆ వీధివాళ్లకి ఇదేం వింత కాదు. డాక్టర్ మోర్డంట్ సినిమాలో ఆరుగురికి విషం పెట్టినవాడే అయినా, వాళ్ల గులాబీలకి పురుగు పడితే వచ్చి చూసేది ఆయనే.

ఆ రోజు పేపరు తెరిచి డాక్టరు మురిసిపోయాడు. "నేనే మొదటివాణ్ణి! 'సిరిల్ బ్యాంబర్ మరపురాని పది పాత్రలు.' జనం ఓట్లేశారట."

"ఇటు తే," అని సిరిల్ పేపరు గుంజుకున్నాడు. పది పేర్లూ రెండుసార్లు చదివాడు. విషం డాక్టరు, హంతకుడైన జడ్జి, బట్లరు, పిల్లల్ని ఎత్తుకుపోయే ఐస్‌క్రీం బండివాడు... పోస్ట్‌మాన్ నెడ్ లేడు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది. ఈ పదీ కాక మిగిలిన పాతవాటిని దాచడం టీవీ సంస్థకి భారమైపోతోందట, నెలాఖరుకల్లా చెరిపేస్తారట.

"పోస్ట్‌మాన్‌ని వదిలేసి ఐస్‌క్రీం వెధవని గుర్తుపెట్టుకున్నారు!" అంటూ బల్లమీద గుద్దాడు సిరిల్. ఉప్పుగిన్నె బోర్లాపడింది. బట్లరు చప్పుడు కాకుండా తుడిచాడు.

నెడ్ అంటే పక్కింటాయన. పంతొమ్మిది వందల ఎనభై రెండులో మూడు భాగాల నాటకంగా టీవీలో వచ్చాడు. ఆ వేషానికి సిరిల్ వాళ్ల నాన్న నడకే ఎరువు తెచ్చుకున్నాడు. ఎడమ భుజం కాస్త వంచి, గేటు తీసేముందు ఒకసారి గొంతు సవరించుకునే నడక. ఆయనా సొంత ఊరు పికరింగ్‌లో ఉత్తరాలు పంచినవాడే. నెడ్ వచ్చిన రెండేళ్లకి పక్కింటి ఎనిడ్ అతన్ని పెళ్లి చేసుకుంది. పోస్టాఫీసువాళ్లు సంచీ ఇచ్చారు. అప్పటినుంచి ఊరి ఉత్తరాలన్నీ నెడ్ చేతిమీదుగానే. ఎనిడ్‌కి డెబ్భై వచ్చాయి. నెడ్‌కి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ముప్ఫై ఆరే.

మూడో వారంలో ఎనిడ్ తలుపు దడదడ బాదింది.

"నీ మనిషి లోంచి గోడ కనిపిస్తోంది సిరిల్! అవతల గోడకి అతికించిన కాగితంమీది పువ్వులు లెక్కపెట్టగలను!"

"కూర్చో ఎనిడ్."

"కూర్చోను. మొన్న నీడ పోయింది, ఊరుకున్నాను. ఇవాళ పొద్దున గొంతు పోయింది. నోరు ఆడుతోంది, మాట లేదు. ఉత్తరం పట్టుకుంటే వేళ్లలోంచి జారిపోతోంది. నీ టీవీవాళ్లు ఎంతవరకు చెరిపారో కనుక్కో!"

సిరిల్ ఫోను చేశాడు. అవతల మిస్ క్రేన్ అనే ఆమె చాలా మర్యాదగా మాట్లాడింది. "మొదటి రెండు భాగాలూ అయిపోయాయండీ. మూడోది సోమవారం. వాటిని ఏడాదికి నలుగురు కూడా చూడటం లేదండీ."

"పక్కింట్లో ఒకావిడ రోజూ చూస్తోంది, తల్లీ. నలభై ఏళ్లుగా చూస్తోంది."

"ఆవిడ మా లెక్కలోకి రారండీ. అన్నట్టు, ఆదివారం మధ్యాహ్నం లీడ్స్‌లో మీ సన్మానం మర్చిపోకండి, నేరుగా ప్రసారం. మీరు డాక్టర్ మోర్డంట్ చేసి చూపించాలి. ఆ విషం గ్లాసు సీను. జనం ప్రాణం పెడతారు దానికి."

సిరిల్ ఫోను విసురుగా పెట్టేశాడు. ఆ కోపం మిస్ క్రేన్ ఒక్కదాని మీదే కాదు. చెయ్యమన్నదల్లా చేశాడు తను. కళ్లు పెద్దవి చెయ్యమంటే చేశాడు, పళ్లు బయటపెట్టమంటే పెట్టాడు. సొంత ఊరి యాసతో, సొంత మనుషుల గురించి మాట్లాడినది నెడ్ వేషంలో ఒక్కసారే. అది ఎవడికీ అక్కర్లేకపోయింది.

గోడ అవతల నెడ్ పెరట్లో నిలబడి ఉన్నాడు. సిరిల్‌ని చూసి చెయ్యి ఊపాడు. ఆ చేతిలోంచి వెనకాల ఆరేసిన దుప్పటి కనిపించింది.

ఆదివారం లీడ్స్ హాలు నిండిపోయింది. ఫాన్షా అనే యాంకరు పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ సిరిల్ భుజం తట్టాడు. "ఇదిగోనండీ, మనందరికీ నిద్ర పట్టకుండా చేసిన మహానుభావుడు!" బల్లమీద ఆకుపచ్చ నీళ్ల గ్లాసు పెట్టి ఉంది.

సిరిల్ గ్లాసు ఎత్తాడు. చప్పట్లు మోగాయి. ఎత్తిన గ్లాసుని పక్కనే ఉన్న పూలకుండీలో వంపేశాడు.

"ఆ సంచీ కాస్త ఇవ్వమ్మా," అని ముందు వరసలో ఒకావిడని అడిగాడు. ఆవిడ కంగారుపడి గుడ్డసంచీ అందించింది. దాన్ని ఎడమ భుజానికి తగిలించుకుని, వేదిక ఆ చివరికి వెళ్లి, అక్కణ్ణుంచి నడక మొదలుపెట్టాడు. భుజం వంగింది. లేని గేటు ముందు ఆగి గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఇది మన స్క్రిప్టులో..." ఫాన్షా నవ్వు సగంలో ఆగింది.

"పక్కకి జరుగు బాబూ. నేను దొరగారితో మాట్లాడాలి."

అది మూడో భాగంలోని ఆఖరి సీను. రాతిగని కూలీల ఇళ్లు ఖాళీ చెయ్యమని గని దొర రాయించిన నోటీసులు పంచమంటే, నెడ్ వాటిని తిరిగి పట్టుకుపోయి దొరగారి వీధి తలుపు కొడతాడు.

"దొడ్డితోవన రమ్మంటారేంటి?" అన్నాడు సిరిల్, పికరింగ్ యాసలో. "ఇరవై ఏళ్లు దొడ్డితోవనే వచ్చాను. ఇవాళ ఈ తలుపే తియ్యండి. ఇవి ముప్ఫై రెండు ఉత్తరాలు. ఒక్కటీ నేనివ్వను. ఆ ఇళ్లలో ఎవరున్నారో మీకు తెలుసా? నాకు తెలుసు. ఏ ఇంట్లో ఎవరికి చదువు రాదో తెలుసు, చదివి పెట్టింది నేనే కాబట్టి..."

అక్కడ మాటలు మర్చిపోయాడు. నలభై మూడేళ్ల నాటి మాటలు. మోకాలు సలుపుతుంటే సిరిల్ సంచీ కిందపెట్టి, కెమెరాకేసి తిరిగాడు. ఇక వచ్చిన మాటలు ఎవరూ రాసినవి కావు.

"ఎంతమంది చూశారని లెక్కేస్తారా మీరు? మనిషి ఉండాలో పోవాలో చెప్పడానికి మీరెవరు? ఉన్నవాణ్ణి లేడని రాసేసి, గది ఖాళీ చేసుకుంటారా? సిగ్గులేదూ! నేను పోను. ఈ గుమ్మంలోనే నిలబడతాను. ఏం చేస్తారో చెయ్యండి!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. తర్వాత ఆయన పక్కావిడ. తర్వాత అందరూ. ప్రసారం ఆపమని మిస్ క్రేన్ చేతులూపుతూనే ఉంది, ఆపాల్సినవాడు కూడా లేచి నిలబడ్డాడు.

బస్సు దిగేసరికి విట్బీలో ఇంకా ఎండ ఉంది. సిరిల్‌కి ఏటవాలు వీధి ఎక్కే ఓపిక లేదు. అయినా గబగబా ఎక్కాడు. పక్కింటి తలుపు బార్లా తీసి ఉంది. ఎనిడ్ గుమ్మంలో నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కళ్లు ఏడ్చి ఎర్రబడ్డాయి, మొహం మాత్రం యుద్ధానికి వచ్చినట్టుంది.

"ఉన్నాడా?" అన్నాడు సిరిల్ ఆయాసపడుతూ.

"ఉన్నాడు. వచ్చి చూడు నువ్వు చేసిన ఘనకార్యం."

నెడ్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. కప్పు పట్టుకున్న వేళ్లు గట్టిగా ఉన్నాయి. కుర్చీ వెనక గోడమీద నిండు నీడ ఉంది. కానీ జుట్టు మొత్తం తెల్లబడింది, మెడ కింద తోలు వేలాడుతోంది. ఇవాళ దేశమంతా చూసింది ఈ వయసు సిరిల్ కట్టిన నెడ్‌నే మరి. సిరిల్‌ని చూసి లేవబోయి, "అబ్బా" అని మళ్లీ కూలబడ్డాడు.

"మాట వచ్చింది, నీడ వచ్చింది, అంతా బాగానే ఉంది," అంది ఎనిడ్. "దాంతోపాటు నీ దిక్కుమాలిన మోకాళ్లు కూడా ఎందుకిచ్చావు వీడికి? ఇక మెట్లెలా ఎక్కుతాడు?"

సోమవారం మూడో భాగం చెరిపేశారు. ఆదివారంనాటి నెడ్ బొమ్మ అప్పటికే ఊరూరా జనం దగ్గర భద్రంగా ఉంది, అందుకే ఎవరికీ ఏమీ కాలేదు. నెడ్ ఆ వారమే ఎనిడ్‌ని వెంటబెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్లి సంచీ అప్పగించి వచ్చాడు. వచ్చేటప్పుడు దారిలో రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. ఎనిడ్ తిట్టిపోస్తూనే రెండుచోట్లా ఆగింది. ముప్ఫై ఏళ్లుగా అతనితో సమానంగా నడవలేక వెనకబడుతూ వచ్చిన మనిషి, రెండోసారి ఆగినప్పుడు అతని చెయ్యి పట్టుకుని, ఇంటిదాకా ఇక వదల్లేదు.