సక్కగ పో

జనార్ధన్ పెట్టిన పరీక్ష వినడానికి సులువుగానే ఉంది. శామీర్‌పేట అడవిలో సైకిళ్ళ బాటంతా అనూహ్య ఒంటరిగా తిరిగి, పొద్దున తొమ్మిదిలోపు గేటు దగ్గరికి రావాలి. నడిచేవాళ్ళ దారిలో మాత్రం సైకిలు చక్రం పడకూడదు. అలా వస్తే, తను సైకిలు నేర్పిన మచ్చ బొల్లారం ఆడవాళ్ళను శనివారం శనివారం లోపలికి తీసుకెళ్ళవచ్చు. రాకపోతే ఆ బ్యాచ్ సంగతి మరిచిపోవాలి. జనార్ధన్ ఆ అడవికి బీట్ ఆఫీసరు. చెడ్డవాడేం కాదు, కానీ సైకిళ్ళు మీదికొస్తున్నాయంటూ వాకింగువాళ్ళు రోజూ ఆయన ప్రాణం తోడేస్తున్నారు.

అనూహ్యది కాకినాడ. అత్వెల్లి దగ్గర కొత్త కాలనీలో ఇల్లు, మేడ్చల్‌లో మందుల కంపెనీలో ఉద్యోగం. నలభై దాటాక గేర్ల సైకిలు కొనుక్కుంటే, "మూడు నెలలాగు, దానిమీద తువ్వాళ్ళారేస్తావు" అన్నాడు భర్త ఫణిభూషణ్. ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండింది. ఇవాళ్టిదాకా దానిమీద ఒక్క తువ్వాలూ ఆరలేదు.

అదే కంపెనీలో పనిచేసే ప్రిస్కిల్లా ఒకరోజు, "నాకు గూడ నేర్పవా అక్కా?" అని అడిగింది. ఆమె వెనకాలే మచ్చ బొల్లారంలో ఆమె వెళ్ళే చర్చిలోని ఆడవాళ్ళు వచ్చారు. బడి మానేశాక సైకిలు ముఖం చూడనివాళ్ళే అందరూ. అనూహ్య సీటు పట్టుకుని కాలనీ గల్లీల్లో వాళ్ళ వెనకాల పరుగెత్తింది. మోకాళ్ళు చెక్కుకుపోయినా మర్నాడు మళ్ళీ వచ్చారు. అంతా బాగానే ఉంది గానీ, నేర్చుకున్నాక తొక్కడానికి చోటేదీ? మెయిన్ రోడ్డెక్కితే లారీలు. ఒకామెను రెడీమిక్స్ లారీ దాదాపు రాసుకుంటూ పోయింది. ఆ రోజు నుంచి సగంమంది సైకిళ్ళు ఇంట్లోనే పెట్టేశారు. మిగిలింది ఈ అడవే. అది కూడా పోతే వాళ్ళు మళ్ళీ సైకిలెక్కరని అనూహ్యకు తెలుసు.

ఇదివరకు ఆమె అడవిలో తిరిగిందంటే వేరే బ్యాచ్‌ల తోక పట్టుకునే తిరిగింది. పైగా మొన్నటి వానలకు పాత బాట కొట్టుకుపోతే, కొత్త బాట తీశారు. అది నడిచేవాళ్ళ దారితో కలిసేచోట ఎవరో ఒకరుండాలని జనార్ధన్ ప్రిస్కిల్లాను నిలబెట్టాడు.

అనూహ్య అక్కడికొచ్చేసరికి ఎదురుగా ముళ్ళపొదల మధ్య సన్నటి బాట, ఎడమవైపు నీడగా, వెడల్పుగా మరో దారి కనిపించాయి.

"ప్రిస్కిల్లా, ఎటు?"

"సక్కగ పో అక్కా! సక్కగ!"

అనూహ్య మనసు ఆనందంతో ఉప్పొంగింది. పాపం, దారి చెప్పకూడదని ఆఫీసరు కట్టడి చేసుంటాడు. అందుకే చక్కగా వెళ్ళి రమ్మని దీవిస్తోంది. ఉత్త పుణ్యానికి ముళ్ళలోకి పొమ్మనే బాట ఎవరు వేస్తారు? ఎడమకు తిప్పింది. వెనకనుంచి "అక్కా! అక్కా!" అని కేకలు వినిపిస్తే, హుషారిస్తోందనుకుని చెయ్యి కూడా ఊపింది.

దారి నున్నగా పల్లంలోకి జారుతోంది. మలుపు తిరగ్గానే తెల్ల బూట్లు వేసుకున్న పెద్దాయన చేతికర్ర అడ్డంపెట్టాడు.

"ఆగమ్మా! ఇది నడిచేవాళ్ళ దారి. కళ్ళు కనపట్టం లేదా? మీ సైకిళ్ళ మీద కంప్లయింటిచ్చింది నేనే. పేరు కూడా రాసుకో, గోపాలరావు!"

అనూహ్య గబుక్కున బ్రేకు వేసింది. "చక్కగా పొమ్మని చెప్పిందండీ ఆ అమ్మాయి. అందుకని ఇటు..."

"చక్కగానా, సక్కగానా?"

"సక్కగ అంది."

గోపాలరావు కర్ర దించేశాడు. కోపమంతా ఎటు పోయిందో, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏ ఊరమ్మా మీది? కాకినాడా? మాది తణుకు. ఇక్కడ సక్కగ అంటే తిన్నగా అని. వచ్చిన కొత్తలో నేనూ గండిమైసమ్మ చౌరస్తా దగ్గర అడ్రసడిగి, సక్కగ పొమ్మంటే ఎంత మర్యాదస్తులో అని మురిసిపోయి, తప్పు సందులో దూరాను."

అనూహ్యకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది.

"ఈ దారీ గేటుకే పోతుంది. దగ్గర కూడాను. వెళ్ళిపో, నేను చూళ్ళేదనుకుంటాలే."

ఆమె ఒక్క క్షణం ఆ నున్నటి దారివైపు చూసింది. టైముకు చేరొచ్చు. ఎవరికీ తెలియదు. కానీ వచ్చే శనివారం వాళ్ళందర్నీ వెంటేసుకుని ఆ ముళ్ళ బాటలో ఏ ముఖంతో దూరుతుంది?

"వద్దండీ" అని దిగి, సైకిలు తిప్పి, ఎగువకు నెట్టుకుంటూ నడిచింది.

దారి చీలేచోట ప్రిస్కిల్లా ఏడుపు ముఖంతో ఉంది. ఆమెతో మాట్లాడే టైము లేదు. ముళ్ళు చేతులు గీశాయి. పెద్ద బండ ఎక్కేచోట కాలు కింద పెట్టాల్సొచ్చింది. గేటు దగ్గరికొచ్చేసరికి తొమ్మిది దాటిపోయింది. జనార్ధన్ బండి మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళంతా బిక్కముఖాలతో నిలబడ్డారు. అడ్డదారిన ముందే వచ్చేసిన ప్రిస్కిల్లా గబగబా ఏదో చెప్పబోయింది.

"సార్, తప్పు నాదే, నేను సరిగ..."

"దారి తప్పింది నేను" అంది అనూహ్య. "నడిచేవాళ్ళ దారిలో పడ్డాను. దిగి, నెట్టుకుంటూ వెనక్కొచ్చి, బాటంతా తిరిగాను."

"నిజం చెప్పిన్రు, మంచిదే. కానీ దారి తప్పినోళ్లు గింతమందిని ఎట్ల తీస్కపోతరు మేడం? రేపు ఎవలన్న పడితె నన్నే అడుగుతరు."

మాట కటువుగా ఉన్నా అందులో అన్యాయమేం లేదు. అనూహ్య సీసాలో మిగిలిన నీళ్ళు గటగటా తాగేసింది.

"మళ్ళీ తిరిగొస్తాను సార్."

"వచ్చే వారమా?"

"ఇప్పుడే."

"ఎండ మస్తుగున్నది మేడం. అవతల నాకు మీటింగు గూడ ఉన్నది."

"మీరు వెళ్ళండి సార్. వీళ్ళని తీసుకెళ్ళగలనో లేదో ముందు నాకు తెలియాలి."

అంటూనే సైకిలు తిప్పింది. తొడలు పట్టేశాయి, చెమట కళ్ళల్లోకి దిగింది. దారి చీలేచోట ఎవరూ లేరు, తనంతట తానే తిన్నగా పోయింది. పెద్ద బండ దగ్గర గేరు తగ్గించి, ముందుకు వంగి, పళ్ళు బిగించి తొక్కింది. చక్రం జారింది, ఆగింది, మళ్ళీ పట్టు దొరికింది. ఈసారి కాలు కింద పెట్టలేదు. అక్కడ చూసేవాళ్ళెవరూ లేకపోయినా గట్టిగా అరిచింది.

బయటికొచ్చేసరికి జనార్ధన్ బండి అక్కడే ఉంది. ఆయన మెట్టుమీద కూర్చుని ఎవరికో ఫోన్లో, మీటింగుకు రాలేనని సర్దిచెబుతున్నాడు. ఫోను పెట్టేసి, ఆమెను కాకుండా ఆడవాళ్ళ గుంపును చూశాడు.

"వచ్చే శనివారం ఒక్కొక్కరి తలమీద హెల్మెట్ ఉండాలె. లేనోళ్లకు గేటు తియ్య. ఇప్పుడే చెప్తున్న."

ఆడవాళ్ళు ఒక్కసారిగా గోలపెట్టారు. అనూహ్య "సరే సార్" అందామనుకుంది. కానీ హ్యాండిల్ మీద తల ఆనించి, అందరిముందూ చిన్నపిల్లలా ఏడ్చేసింది.