తీగలేని ఎనిమిదో దీపం

నేను ఒక దీపాన్ని. అలాగని నూనె, వత్తి, ప్రమిద వెతక్కండి. బల్బు, హోల్డరు, తీగ కూడా నాకు లేవు. రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడమీది ఆఫీసులో, కంప్యూటరు లోపల, ఇంకా తయారవని కొట్టులో వెలుగుతుంటాను. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. మా దగ్గర దీపం ఉంటుంది, చక్కబెట్టుకోవడానికి ఇల్లే ఉండదు. కరెంటు పోతే నాతోపాటు నా ప్రపంచమంతా పోతుంది కనుక చీకటంటే నాకు ప్రత్యేకించి భయం లేదు.

నన్ను పుట్టించినవాడు సువర్ణరాజు. కట్టబోయే ఇళ్లకూ కొట్లకూ ముందుగానే ఫొటో తీసినట్టు బొమ్మలు తయారుచెయ్యడం ఆయన ఉద్యోగం. యజమాని శేషగిరి గారు ఆర్కిటెక్టు. ఆయన గీత గీస్తారు. సువర్ణరాజు ఆ గీతకు గోడ మొలిపించి, గోడకు రంగేసి, రంగు మీద వెలుగేస్తాడు. గీత బాగుంటే పేరు శేషగిరి గారిది. బాగోకపోతే తలగీత సువర్ణరాజుది.

ఆ రోజు వాళ్ల ముందున్నది మాణిక్యాంబ గారి చీరల కొట్టు. వెడల్పు పన్నెండడుగులు, లోతు నలభై. ఒకటే గుమ్మం, కిటికీ లేదు. రైలు పెట్టె పట్టాలు తప్పి బజార్లో ఇరుక్కుపోయినట్టుంటుంది. దాన్ని లోపలంతా కొత్తగా మార్చాలి.

ఆవిడ బాధ ఒకటే. కొట్టు చివర తెల్ల పరుపు మీద చీర పరుస్తారు. చూసినవాళ్లు "ఒక్కసారి వెలుగులో చూసుకొస్తామండీ" అని చీర పట్టుకుని గుమ్మం బయటికి నడుస్తారు. ఇది చీరల బజారు శాస్త్రం. ట్యూబులైటు చెప్పిన రంగును ఏ ఇల్లాలూ నమ్మదు. ఈమధ్య బయట, సరిగ్గా ఎదురుగా, మూడంతస్తుల షోరూం వెలిసింది. అప్పట్నుంచి బయటికి వెళ్లిన చీర లోపలికి వస్తోంది గాని మనిషి రావడం లేదు, చీరను గుమ్మంలోనే తిరిగిచ్చేసి ఎదురుకొట్టుకు పోతున్నారు.

"నాకు హంగులేం వద్దండి," అన్నారు మాణిక్యాంబ గారు. "మనిషి గుమ్మం దిగకుండా రంగు తేలాలి. మా ఆయన పోయాక ఇరవై రెండేళ్లు నడిపాను. ఈ శ్రావణం కూడా పోయిందంటే ఇంక తాళమే."

సువర్ణరాజు ప్లానులో ఉన్నట్టే కప్పుకు ఏడు దీపాలు పెట్టాడు. ఏ దీపానికి ఎంత వెలుగు, ఏ కోణం, ఏ ఛాయ, అన్నీ కంపెనీవాళ్ల కాగితం చూసి నింపాడు. బొమ్మ తేలింది. పరుపు మీద వంకాయరంగు చీర కాల్చిన వంకాయలా ఉంది.

"ఇదేంటయ్యా రాజూ, పచ్చడికి సిద్ధంగా ఉంది," అన్నారు శేషగిరి గారు. "కాస్త వెలుగు కొట్టు. ఆవిడ వచ్చేస్తున్నారు."

కొట్టులో వెలుగు ఎలా కొడతారో చెబుతాను. సువర్ణరాజు నలుచదరపు దీపాన్ని ఎంచుకుని, నాలుగడుగుల పలకలా లాగి, పరుపుకు ఎదురుగా గాల్లో నిలబెట్టాడు. అదే నేను. పగటి తెలుపు ఛాయ ఇచ్చాడు. దీపం కనిపించకూడదు అన్న గడిలో టిక్కు పెట్టాడు. నీడ పడకూడదు అన్న గడిలోనూ పెట్టాడు. చీర రంగు కుదిరేదాకా నా అంకె పెంచుతూ పోయాడు. మీటరు తిరగని కరెంటు కదా, వాట్లు ఆయన వాటం. ఇది మోసమనుకోకండి, ఈ వృత్తిలో ఆచారం. మీరు గోడల మీద చూసే ప్రతి అందమైన బొమ్మలోనూ మావాళ్లు ఒకరిద్దరు దాక్కుని ఉంటారు. మమ్మల్ని ఎవరూ పట్టించుకోరు, లైట్ తీసుకుంటారు.

మాణిక్యాంబ గారు బొమ్మ చూసి, "వంకాయరంగు వంకాయరంగులాగే ఉందండీ," అని ఊపిరి వదిలారు. పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకుని పట్టుకెళ్లారు.

తరవాత రెండు నెలలు నాకు తెలియదు. ఫైలు తెరిస్తేనే నా కాలం నడుస్తుంది. మళ్లీ తెరిచేసరికి స్క్రీను ముందు మాణిక్యాంబ గారు, ఆవిడ పక్కన జిలానీ అనే ఎలక్ట్రీషియను ఉన్నారు. శ్రావణానికి పన్నెండు రోజులుంది.

"ఏడు గీశారు, ఏడూ ఏశానండి," అంటున్నాడు జిలానీ. "చెప్పిన కంపెనీయే, చెప్పిన నంబరే."

"మరి బొమ్మలో వెలుగు కొట్లో ఏదయ్యా? ఈ వంకాయరంగు చీర చూసి మా ఆడపడుచు కాఫీపొడి రంగా అంది."

శేషగిరి గారు గొంతు సవరించుకున్నారు. "సాఫ్టువేరు అబద్ధం చెప్పదండీ. ఫిట్టింగులు నాసిరకం పడుంటాయి."

"ఏం జిలానీ?" ఆవిడ గొంతు మెత్తబడింది, అది కోపం కన్నా కష్టంగా ఉంది. "పన్నెండేళ్లుగా నీ చేతే చేయిస్తున్నాను."

జిలానీ అచ్చు కాగితం బల్ల మీద పరిచి వేలు పెట్టాడు. "ఈ కుర్చీకి నీడుందండి. ఈ పూలకుండీకి నీడుంది. పరుపు మీద చీర మడతలకి నీడ లేదు. ఎదర నుంచి ఏదో వెలుగు పడతంది. ఎదర దీపం ఏదండి?"

దీపం కింద చీకటి అంటారు. నా కింద ఆ కాస్తా లేక దొరికిపోయాను.

సువర్ణరాజు యజమాని వైపు చూశాడు. యజమాని ఫ్యాను వైపు చూశారు. సువర్ణరాజు నా పేరు పక్కనున్న కన్ను గుర్తు మీద నొక్కాడు. నేను ఆరిపోయాను. చీర మళ్లీ పచ్చడికి వచ్చింది.

"ఇదే మా కొట్టు," అన్నారు మాణిక్యాంబ గారు.

"అవునండి," అన్నాడు సువర్ణరాజు. "ఎనిమిదోది నేను పెట్టిందండి, బొమ్మ బాగుంటుందని. దానికి తీగ లేదు, స్విచ్చి లేదు. జిలానీ గారి తప్పేం లేదండి."

నా రంగు బయటపడింది గాని చీర రంగు ఇంకా తేలలేదు.

"అయితే అదే పెట్టండి," అన్నారావిడ.

"అది గాల్లో ఉందండి. కొనేవాళ్ల తలకాయ ఉండే చోట."

"బొమ్మని ఒకసారి ఎనక్కి తిప్పండి సార్," అన్నాడు జిలానీ. సువర్ణరాజు తిప్పాడు. నా వీపు వెనకాల, ముప్ఫై అడుగుల దూరంలో, గుమ్మం కనిపించింది. జిలానీ తల ఊపాడు. "మీ ఎనిమిదో దీపం ఈ గుమ్మమేనండి. గుమ్మాన్ని మోసుకొచ్చి లోపలెట్టారు. అంతకన్నా పరుపునే గుమ్మం కాడికి జరిపితే పోలేదా? పొద్దు వాలాక వాడుకోడానికి పైన రెండు తెల్ల ట్యూబులేత్తాను."

"పరుపు గుమ్మం దగ్గరా? మా మామగారి కాలం నుంచి చివర్నేనయ్యా. అంతదూరం లోపలికొచ్చినవాళ్లు ఊరికే లేవలేరని."

"లేచి ఎల్లిపోతన్నారు కదండీ."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "మళ్లీ తియ్యి బాబూ బొమ్మ. దాన్ని మాత్రం వెలిగించకు," అన్నారు.

సువర్ణరాజు పరుపును ముందుకు లాగి, బీరువాలను వెనక్కి నెట్టి, వీధి వెలుగును వీధిలో ఎంతుంటుందో అంతే పెట్టాడు. వెనకంతా డల్లుగా ఉందని శేషగిరి గారు గొణిగారు. "వెనకుండేది బీరువాలేనండి, అవేం కొంటాయి," అన్నారు మాణిక్యాంబ గారు.

నన్ను చెరపలేదు. చెరపడానికి కూడా ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. 'పాతవి' అనే ఫోల్డరులో, మూసిన కన్నుతో ఉన్నాను. తుప్పు పట్టను, దుమ్ము పట్టను. పాత సామాన్లవాడికి పనికొచ్చే భాగ్యమూ లేదు. శ్రావణంలో ఒక మధ్యాహ్నం సువర్ణరాజు ఏదో కొలత కోసం ఫైలు తెరిచినప్పుడు, ఆఫీసులో స్విచ్చిబోర్డు మారుస్తూ జిలానీ చెబుతున్నాడు.

మాణిక్యాంబ గారి కొట్టుకు ధవళేశ్వరం నుంచి ఒకావిడ వచ్చి, గుమ్మం దగ్గరికి మారిన పరుపు మీద కూర్చుందట. వంకాయరంగు చీర చేత్తో పట్టుకుని, అలవాటు కొద్దీ, "వెలుగులో చూసుకొస్తానండీ" అని లేచిందట. రెండడుగులు వేసి గుమ్మం వైపు చూసింది. చేతిలో చీర వైపు చూసింది. ఆవిడ తిరిగొచ్చి పరుపు మీద కూర్చుని, చీర పక్కన పెట్టుకుని అందట:

"ఇది ఉంచండి. ఇంకోటి తియ్యండి."