నాచు సీసాల్లో చిటికెడు పసుపు

శామీర్‌పేట దాటాక ఉన్న మా ల్యాబ్‌లో సుచిత్ర మూడు నెలలుగా సముద్రపు నాచు ఉడకబెట్టిస్తోంది. ఆ నీళ్లు వడగట్టి ఆల్కహాల్ పోస్తే తెల్లటి పోగులు తేలతాయి. ఆ పదార్థాన్ని పాలిసాకరైడ్ అంటారు, చక్కెర అణువుల గొలుసు. అది రోగనిరోధక కణాలను మేల్కొలుపుతుందో లేదో తేల్చాలి.

మేల్కొలిపింది. చిక్కేమిటంటే, నాచు కలపని ఉత్త ఉప్పునీళ్లు పోసిన కణాలు కూడా అంతే హుషారుగా లేచి కూర్చున్నాయి. డైరెక్టర్ రవీందర్ గారు అప్పటికే శుభవార్త పై ఆఫీసుకు చెప్పేశారు. చెప్పాక చూసుకోవడం ఆయన పద్ధతి.

సుచిత్ర వారం రోజులు యంత్రాలను అనుమానించింది. చివరికి సామాన్లు కడిగే లింగస్వామి తనంతట తానే వచ్చి నిలబడ్డాడు. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వస్తాడు, కాంట్రాక్టు ఉద్యోగం.

"మేడం, పోయినేడు దసరా పూజకు సీసల మీద బొట్లు పెడితే పేర్లు మాసిపోయినయని సారు మస్తు తిట్టిండు. గందుకే గీసారి మూతలు దీసి, లోపల చిటికెడు పసుపు ఏసిన."

"ఉప్పునీళ్ల సీసలల్ల గూడనా, అన్నా?"

"కొన్నిటికి ఏసి కొన్నిటిని ఇడిసిపెడితే తప్పు గాదా, మేడం?"

అన్నీ ముదురు గోధుమరంగు సీసాలు. లోపలి పసుపు ఎవరికీ కనపడలేదు. దాంతో వచ్చిన సూక్ష్మజీవులే కణాలను లేపాయి.

రవీందర్ గారు లింగస్వామిని నెలాఖరుకు తీసేయమన్నారు. సుచిత్ర కాగితం ముందు పెట్టుకుని, కారణం ఏం రాయాలని అడిగింది. పూజ చేశాడని రాయమన్నారు.

"పూజ చెయ్యమని సర్క్యులర్ మీరే ఇచ్చిండ్రు గద సార్. అదీ జతచేయాల్నా?"

రవీందర్ గారు ఏసీ తగ్గించారు, మళ్లీ పెంచారు. ఆ తర్వాత, మళ్లీ మొదటినుంచి చేయాలంటే ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. మూడు నెలలని చెప్పింది. లింగస్వామి వచ్చి చెప్పకపోతే ఏడాదైనా వెతుక్కుంటూనే ఉండేవాళ్లమని కూడా చెప్పింది. ఆ నాచు వాసనకు ఇద్దరు కుర్రాళ్లు మానేశారనీ, తట్టుకుని నిలబడింది లింగస్వామి ఒక్కడేననీ గుర్తుచేసింది.

సాయంత్రానికి నివేదిక తయారైంది. "సిబ్బంది చురుకైన సహకారంతో లోపం సకాలంలో గుర్తించబడింది" అని ఉంది. సిబ్బంది పేరు దగ్గర లింగస్వామి. కింద డైరెక్టర్ గారి సంతకం, ఎప్పటికన్నా కాస్త చిన్నగా.