కళాసీల ఓడ

వరహాలు తమలపాకులో పసుపు, కుంకుమ పెట్టి నీళ్ళలో వదిలాడు. కింద మునిగిన ఓడ ఉంది. యుద్ధం రోజుల్లో తుపానుకి అది మునిగినప్పుడు, అందులో బొగ్గు వేసే కళాసీ అతని తండ్రి. శవం దొరకలేదు. లోపలున్నవాళ్ళకి ముందు ఆకు వెయ్యనిదే అతని ఇంట్లో ఎవరూ అక్కడ గాలం దించరు.

ఉప్పునీళ్ళకి పగిలిన అరిచేతులు, ఎండకి బూడిదరంగు తిరిగిన వీపు. తెల్లారితే తెప్ప, పొద్దెక్కితే చేపల బేరం, అంతే అతని బతుకు. ఆస్తంటే, ఓడ చుట్టూ చేపలు మూగే ఈ చోటు గురుతే. యారాడ కొండ కొమ్ముని ఒడ్డున దేనితో కలిపి చూస్తే ఇది దొరుకుతుందో ఆ ఇంటి మగవాళ్ళకే తెలుసు. సొంత అల్లుడికి కూడా చెప్పలేదు.

చెప్పింది భీమశంకరరావుకి! మెడలో కెమెరా వేసుకొచ్చి, పాత ఓడల్ని కాపాడే సంఘమన్నాడు. పోయిన కళాసీల పేర్లు రాతి మీద చెక్కించి ఒడ్డున నిలబెడతానన్నాడు. తండ్రి పేరు చూసుకోవాలన్న ఆశే వరహాలు నోరు విప్పించింది. తడిగుడ్డతో గొంతు కోశాడు దొంగవెధవ. వాడు పాత ఇనుము కంట్రాక్టరు. ఉక్కు ఫ్యాక్టరీ లేస్తున్న రోజులవి, ఇనుమంటే చాలు ఎగబడి కొంటున్నారు.

ఇవాళ వాడి లాంచీ వచ్చి ఆగింది. డైవర్లు ఓడకి పేలుడుమందు కట్టి పైకొచ్చేశారు. నీళ్ళలోంచి లాంచీ దాకా వైరు.

"తెప్ప తియ్యరా, పేలుస్తున్నాం!" కేకేశాడు భీమశంకరరావు.

"ఏటి బాబూ, సెప్పిందేటి, సేత్తన్నదేటి? మా అయ్య అందులోనే ఉన్నాడు!"

"నలభై ఏళ్ళకి ఎముక కూడా మిగలదు. అది తుక్కురా."

"మీ అయ్యని కాల్చిన వల్లకాటిని కూడా ఇలాగే తూకానికి అమ్మేత్తారేటి?"

లాంచీలో వాళ్ళు పగలబడి నవ్వారు. వరహాలుకి అరికాలి మంట నెత్తికెక్కింది. తెప్పని దూరంగా నడిపాడు. లొంగాడనుకుని వాళ్ళు టీ పోసుకున్నారు. అతను చేపలు కోసే కత్తి పళ్ళ మధ్య కరుచుకుని, చప్పుడు కాకుండా నీళ్ళలోకి దిగాడు. వైరు తెగితే ఈ పూటకైనా ఓడ దక్కుతుంది.

మీట నొక్కేముందు తెప్ప మీద మనిషున్నాడో లేడో చూసిన పాపాన పోలేదెవడూ. సముద్రం ఒక్కసారి పొంగి, తెల్లబడి, సర్దుకుంది. చచ్చిన చేపలు తేలాయి. వరహాలు తేలలేదు.

సాయంత్రానికి ఓడలోని ఇత్తడి సామాను రేవుకి చేరింది. తాగి పడిపోయుంటాడన్నాడు భీమశంకరరావు. జన్మలో సారా ముట్టని మనిషిని! జాలరిపేటవాళ్ళు తెప్పని లాక్కొచ్చారు. దాని మీద, తిరిగొచ్చి చుట్టుకునేందుకు మడిచి, గాలికి ఎగిరిపోకుండా తెడ్డు కింద నొక్కిపెట్టిన అతని తలగుడ్డ ఉంది.