నేల కింది దేవుడు

పొద్దున లేవగానే అంతోనయ్య వాకిట్లో బోర్లా పడుకుని, చెవి నేలకు ఆనించి ప్రార్థన చేసుకునేవాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకసారి పైకప్పు కూలి పదకొండు గంటలు చీకట్లో ఇరుక్కుపోయాడు. అప్పుడు తనతో మాట్లాడిన గొంతు కింది నుంచే వచ్చిందనేవాడు.

"పైనుంటే మనల్నెట్ల మోస్తడు? కిందనే ఉన్నడు," అనేవాడు.

అతను పడుకున్న చోట నేల మధ్యాహ్నం దాకా వెచ్చగా ఉండేది. చలికాలం వస్తే కాలనీలోని బాలింతలు పిల్లల్ని తెచ్చుకుని అక్కడ కూర్చునేవారు. ఆ చోటు తొక్కకుండా చుట్టు తిరిగి పోయేది అతని భార్య విశ్రాంతమ్మ ఒక్కతే. ఆకాశం వైపు చేతులెత్తి మొక్కడం నేర్చిన మనిషి. చర్చిలో అందరూ నిలబడితే మొగుడు నేల మీద పడుకుంటాడని సిగ్గుతో చచ్చిపోయేది.

మొన్న చలికాలంలో ఆమె కడుపులో గడ్డ బయటపడింది. ఖమ్మం దవాఖానాలో చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె కోరిక ఒక్కటే మిగిలింది: చర్చి సమాధుల తోటలో తల్లి పక్కన పడుకోవాలి.

అంతోనయ్య వెళ్లి అడిగితే ఫాదర్ మెత్తగానే చెప్పాడు. "నువ్వు నేలకు మొక్కుతవని జనం ఒప్పుకుంటలేరు అంతోనయ్యా. ఆదివారం నిలబడి, దేవుడు పరలోకంలో ఉన్నడని ఒక్క మాట అను."

ఆదివారం అంతోనయ్య నిలబడ్డాడు. తలెత్తితే పైన చర్చి కప్పు రేకులు కనబడ్డాయి. ఆ మాట అనేసి కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి వాకిలి చల్లబడి ఉంది. పడుకుని చెవి ఆనించాడు. ఎంతసేపున్నా ఏమీ వినబడలేదు. మంచం మీది నుంచి విశ్రాంతమ్మ చూస్తూనే ఉంది.

"చెప్పినవా?"

"చెప్పిన. మీ అమ్మ పక్కన జాగ ఇస్తరట."

ఆమె వాకిలి వైపు చెయ్యి చాపింది. "నన్ను నీ జాగల పండవెట్టు," అంది.

ఎత్తుకొచ్చి పడుకోబెట్టాడు. ఆమె చెంప నేలకు ఆనించింది. నెలరోజులుగా నొప్పితో బిగుసుకున్న మొహం వదులైంది.

"ఎంత వెచ్చగుందయ్యా. ఇన్నేండ్లు చుట్టు తిరిగి పోయిన. నన్ను ఈడనే పెట్టు, తోటల వద్దు. నీకు తెలుస్తలేదా?"

అతను ఆమె పక్కనే అరచెయ్యి ఆనించాడు. నేల చల్లటి బండలా ఉంది.

"తెలుస్తుంది," అన్నాడు.

మూడో రోజు ఆమె పోయింది. చెప్పినట్టే వాకిట్లో గుంత తవ్వారు. పక్కింటి దూలయ్య చెమట తుడుచుకుంటూ, "లోపల మస్తు కాక ఉందన్నా," అన్నాడు. అంతోనయ్య దిగి పిడికెడు మట్టి పట్టుకున్నాడు. అతని వేళ్లు చలికి కొంకర్లు పోయాయి.