గుండె మీద కాపలా

దుకాణాలకు బోర్డులు రాసే పెయింటర్ నిచ్చెన మీద ఉండగానే చేతిలోంచి కుంచె జారిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. కింద నిచ్చెన పట్టుకున్న బావమరిది గబగబా ఎక్కి, అతణ్ణి భుజాన వేసుకుని దించి ఆసుపత్రికి చేర్చాడు.

పక్షవాతం. వేళకు మందు పడింది కాబట్టి కొన్ని వారాల్లో చెయ్యి మళ్లీ స్వాధీనంలోకి వచ్చింది. మెదడుకు పోయిన రక్తపు గడ్డ ఎక్కడ పుట్టిందో మాత్రం ఏ పరీక్షలోనూ తేలలేదు.

"గుండె ఎప్పుడైనా లయ తప్పుతోందేమోనని నా అనుమానం," అంది డాక్టరమ్మ. "మనం చూసినప్పుడల్లా బుద్ధిగానే కొట్టుకుంటోంది. అందుకే కాపలా పెడదాం."

ఛాతీ మీద చర్మం కింద చిన్న రికార్డర్ అమర్చారు. అగ్గిపుల్లకన్నా కాస్త లావు, అంతే. అది పట్టుకున్నదంతా మంచం పక్కనున్న పెట్టె ఆసుపత్రికి పంపుతుంది.

"జాగ్రత్త బావా! ఇక నీ గుండెలో ఎవరున్నారో అందరికీ తెలిసిపోతుంది."

"ఉన్నది మీ అక్కేరా. కొత్తగా తెలిసేదేముంది?"

అక్క నవ్వలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె అతనితో గొంతు పెంచి మాట్లాడటమే మానేసింది.

నెలలు గడిచినా ఏమీ దొరకలేదు. అతనికి విసుగొచ్చింది. "తీసెయ్యండమ్మా," అన్నాడు.

"దొంగ రాలేదని కాపలావాణ్ణి పంపించేస్తామా?" అంది డాక్టరమ్మ.

ఒకరోజు ఆవిడే ఫోన్ చేసింది. "నిన్న సాయంత్రం ఏం చేస్తున్నారు?"

"బావమరిదితో పేకాడుతున్నాను. గెలిచాను కూడా."

"అప్పుడే మీ గుండె లయ తప్పింది. చాలాసేపు."

"నాకేమీ తెలియలేదే!"

"చాలామందికి తెలియదు. అలాంటప్పుడు గుండెలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. మీకు పక్షవాతం బహుశా అందువల్లే. రేపు రండి, మాత్ర మారుస్తాను."

పక్కనే వింటున్న భార్య కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. "అయితే ఆ పొద్దున నేను మిమ్మల్ని తిట్టినందుకు కాదా?"

ఇన్నాళ్లూ ఆమె మోసిన బరువేమిటో అతనికప్పుడు అర్థమైంది.

"పిచ్చిదానా! నీ తిట్లకే పడిపోయేవాణ్ణయితే పెళ్లయిన నెలకే పోయేవాణ్ణి."

ఆమె ఏడుస్తూనే నవ్వింది.

కొత్త మాత్ర రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కిందపడి దెబ్బ తగిలితే రక్తం ఓ పట్టాన ఆగదని డాక్టరమ్మ నిచ్చెన ఎక్కొద్దంది. అతను రెండురోజులు ముఖం మాడ్చుకుని కూర్చుని, ఆ తర్వాత వరండాలో బల్ల వేసుకున్నాడు. రాయడం అతనిది, పైకెక్కి బిగించడం బావమరిదిది.

మొదటి బోర్డు ఓ చెప్పుల దుకాణానిది. ఒక ఒత్తు దగ్గర గీత కాస్త వంకరపోయింది. చూడ్డానికొచ్చిన దుకాణదారు అది గమనించలేదు. రాసినతను గమనించాడు. అయినా చెరపకుండా అలాగే ఎండలో ఆరబెట్టాడు.